భైరవసేనుడు మంచివాడేనా?

హనుమకొండ,
14-6-1982

వదిన సావిత్రి గారికి,

మేమంతా బాగున్నాం. నర్సంపేటలో మీరూ బాగున్నారనే ధైర్యంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఏడో నెల అని శారదను మీరు నిన్న పుట్టింటికి తీసుకెళ్ళిన దగ్గర్నుంచి ఇల్లంతా బోసిగా ఉంది. మా అబ్బాయి భాస్కర్ పొద్దున రెండుసార్లు టీ అడిగి, ఇచ్చేది శారద కాదని గుర్తొచ్చి వద్దన్నాడు.

అసలు సంగతి, శారద పెట్టెలో అడుగున ఎర్ర గుడ్డ అట్టతో లావుపాటి బైండు ఒకటి పెట్టాను. అది వారపత్రికలో వచ్చిన "ఐదో తోరణం" సీరియల్. మన ఖిల్లాలో తోరణాలు నాలుగే కదా. ఇందులో ఐదోది ఒకటుంటుంది, ఎప్పుడో గాని కనబడదు. హైమవతి అనే టైపిస్టు పిల్ల దాని కింద నుంచి నడిచి కాకతీయుల కాలంలోకి పోతుంది. అక్కడ గుర్రపు దళపతి భైరవసేనుడు ఉంటాడు. ఆయన గురించి నేనేమీ చెప్పను. మీరే చదివి, నేను చెప్పకుండా ఎట్లా ఉండగలిగానో అర్థం చేసుకోండి.

ఎనభై నాలుగు వారాలు, ఒక్క వారం తప్పకుండా పేజీలు చింపి, ఏ వారానికి ఆ వారం మూల దారం కుట్టి దాచాను. పైనున్న బొమ్మలు మాత్రం కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకున్నాను. రామలింగం అని ఇక్కడ రిజిస్టర్లు కుట్టే ఆయన ఉన్నాడు, ఆయన చేత బైండు చేయించాను. నిన్న పొద్దున్నే తెచ్చిచ్చాడు. విప్పి చూసే తీరిక కూడా లేక తిన్నగా పెట్టెలో పెట్టాను. శారద పడుకుని ఉన్నప్పుడు మీరు చదివి వినిపించండి.

మీ జవాబు కోసం గుమ్మం వైపు చూసే
వదిన రాజేశ్వరి

తా.క. పుస్తకం మీద మామిడికాయ కారం మరక పడినా ఏమీ అనుకోను. భైరవసేనుడు ఉన్న పేజీల మీద పడితే మాత్రం అనుకుంటాను.

---

నర్సంపేట,
6-7-1982

రాజేశ్వరి వదినగారికి నమస్కారం.

ఇక్కడ వానలు బాగున్నాయి, శారద బాగుంది, నేను మాత్రం బాగాలేను. మీ పుస్తకం రాత్రి పూర్తయింది.

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక చదవడం మొదలుపెట్టేదాన్ని. మొదటి రోజు శారద ఒక్కతే వింది. అదీ రెండు పేజీలకే నిద్రపోయింది. రెండో రోజు పక్కింటి మొగిలమ్మ వచ్చి కూర్చుంది. వారం తిరిగేసరికి మా వాకిట్లో తొమ్మిదిమంది ఆడవాళ్ళు చేరారు, అందులో ఇద్దరెవరో నాకిప్పటికీ తెలియదు.

ఎంత గొప్పగా మొదలైంది వదినా ఆ కథ. కోట చుట్టూ శత్రువులు, భైరవసేనుడు హైమవతిని తోరణం దాటించి తాను యుద్ధంలో ఉండిపోతాడు. మొదటి రోజే నా కొంగు తడిసింది. తర్వాత పెళ్ళి. ఆ పెళ్ళి రెండుసార్లు చదివించుకున్నారు. ఆ తర్వాతనే మీ దేవుడి అసలు బుద్ధి బయటపడింది. పోను పోను పెళ్ళాంతో మాటలు తగ్గిస్తాడు. ఆమె చేతి గడియారం లాక్కుని బావిలో పారేస్తాడు. చివరికి శత్రువుల వేగు అని ఏనుగుల కొట్టంలో గొలుసులతో కట్టేస్తాడు. కట్టుకున్న పెళ్ళాన్ని పట్టుకుని "నువ్వెవరివి" అని అడుగుతాడు. ఆ బాధకు మతి పోయి కాబోలు, ఆఖరి పేజీలో ఆ పిల్ల ఆఫీసులో టైపు కొట్టుకుంటూ, టీ తాగుతూ, మొగుడనేవాడు ఒకడున్నాడని కూడా గుర్తులేకుండా కూర్చుంది. మొగిలమ్మ రాత్రి అన్నం తినలేదు. "గీ కత రాసినాయన యాడుంటడో చెప్పు బిడ్డా, జర మాట్లాడేదుంది" అంటున్నది.

రాసినాయన మొనగాడే, ఒప్పుకుంటాను. కాలాన్ని అట్లా తిప్పడం మాటలు కాదు. కానీ ఇట్లాంటి మనిషిని మీరు ఏడాదిన్నరగా ఎట్లా పూజిస్తున్నారో నాకు తెలియలేదు. నేనైతే అటువంటి ఇంటికి పిల్లనివ్వను.

మీ
సావిత్రి

తా.క. మీ ఉత్తరం మా విత్తనాల దుకాణం అడ్రసుకు వచ్చింది. పత్తి గింజల ఆర్డరనుకుని మా ఆయన అందరి ముందూ విప్పి పైకి చదివారు. కాబట్టి కొంచెం చూసి రాయండి.

---

హనుమకొండ,
11-7-1982

సావిత్రి వదినగారికి,

క్షేమ సమాచారాలు కిందటి ఉత్తరంలో రాసినవే, మారలేదు.

మీ ఉత్తరం చదివి నేను పొయ్యి మీద పాలు మరిచాను. భైరవసేనుడు గడియారం బావిలో వేశాడు, నిజమే. గొలుసులు వేశాడు, అదీ నిజమే. కానీ ఆ తప్పుకు ఎంత కుమిలిపోయాడు? ఇరవై వారాలు వదినా, ఇరవై వారాలు. ఆమె గడియారం కోసం తానే బావిలో దిగాడు. ఆమెకు గుర్రం స్వారీ నేర్పాడు. చివరికి ప్రాణమే ఇచ్చాడు. ఇవన్నీ మీకు కనబడలేదా? లేక కనబడినా కనబడనట్టు రాశారా?

"అటువంటి ఇంటికి పిల్లనివ్వను" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీరు ఆల్రెడీ ఒక ఇంటికి పిల్లనిచ్చారు, ఆ ఇంట్లో నేనుంటాను. శారద వచ్చి ఏడాదైంది. ఏనాడైనా ఆ పిల్లను నేను గానీ నా కొడుకు గానీ ఒక్క మాట అన్నామా? ఏదన్నా ఉంటే సీరియల్ చాటున కాకుండా తిన్నగా రాయండి.

నొచ్చుకున్న
రాజేశ్వరి

తా.క. శారద చేతి గడియారం ఆమె చేతికే ఉంది, చూసుకోండి. మా బావిలో ఒక బిందె, రెండు చెంబులు తప్ప ఏమీ లేవు.

---

నర్సంపేట,
23-7-1982

వదినగారికి,

శారద బాగా తింటున్నది, కాళ్ళ వాపు తగ్గింది. భాస్కర్ బంగారం లాంటి పిల్లవాడు, ఆయన జోలికి నేను పోలేదు. నేనన్నది భైరవసేనుణ్ణే.

బావిలో దిగాడంటారు. దిగితే ఏం లాభం? ముందు గడియారం వెతికిచ్చి, తర్వాత అదే గడియారం లాక్కుని మళ్ళీ బావిలో పారేసిన మనిషిని ఏమనాలి? ముందూ వెనకా నాకు తెలియవనకండి. కాలం తిరగబడే కథలో ముందేమిటి, వెనకేమిటి? ఎట్లా రాసి ఉందో అట్లానే చదివాను.

మీ ఉత్తరం దుకాణంలో చదివినప్పుడు ముగ్గురు రైతులున్నారట. వాళ్ళలో ఇద్దరు నా వైపు. మూడో ఆయన కట్టయ్య, వర్ధన్నపేట నుంచి గింజల కోసం వచ్చాడు. "శేటూ, గా గుర్రపాయన జైలుకు పోయిండా లేదా? అది చెప్పు, గింజలు తర్వాత తీస్కుంట" అని కూర్చున్నాడట. మా ఆయన పాండురంగం, ఇటుక మీద ఓపిగ్గా నిలబడ్డ ఆ దేవుడి పేరు పెట్టుకున్నందుకు జీవితంలో మొదటిసారి ఓపిక పట్టి, మొత్తం కథ చెప్పి పంపారు.

మీ
సావిత్రి

తా.క. కట్టయ్య కథ విని గింజలు మరిచి వెళ్ళిపోయాడు. రెండో రోజు మళ్ళీ వచ్చాడు, గింజల కోసం కాదు, పెళ్ళి ఎట్లా జరిగిందో అడగడానికి.

---

హనుమకొండ,
20-8-1982

సావిత్రి వదినకు,

చిన్నవాటన్నిటినీ పక్కన పెట్టి రాస్తున్నాను. సోమవారం మనవడు పుట్టాడని టెలిగ్రాం అందగానే బజారంతా పేడాలు పంచాం. భాస్కర్ దవాఖానలో చూసి వచ్చి, వాడు ఎట్లా ఉన్నాడంటే చేతులతో కొలత చూపించాడు. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేకపోయాడు.

నాకు రెక్కలు కట్టుకుని రావాలని ఉంది. కానీ మా ఇంటి ఆనవాయితీ మీకు తెలుసు. నాయనమ్మ మనవణ్ణి మొదటిసారి ఇరవై ఒకటో రోజు తొట్టెలలోనే చూడాలి. తొట్టె తెచ్చేదీ, అందులో వేసి చెవిలో పేరు చెప్పేదీ నాయనమ్మే. మా అత్తగారు భాస్కర్ కోసం అట్లాగే ఆగారు. కాబట్టి సెప్టెంబరు అయిదు, ఆదివారం దాకా వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాను.

పేరు నిర్ణయించాను. భైరవ.

మా ఆయన తన తండ్రి పేరన్నారు. ఆయనకు నచ్చజెప్పుకున్నాను. మీరు ఆ కథను ఎట్లా చదివారో నాకు తెలియదు గానీ, తప్పు చేసి దిద్దుకుని, ఇష్టమైన మనిషి కోసం నిలబడినవాడి పేరు నా మనవడికి ఉండాలని నా కోరిక. నా కోరికలు పెద్దగా ఉండవు వదినా. ఇదొక్కటి కాదనకండి.

నాయనమ్మ
రాజేశ్వరి

తా.క. "నాయనమ్మ" అని రాసి చూసుకున్నాను. బాగుంది. ఇంకో కాగితం మీద కూడా రాసుకున్నాను.

---

నర్సంపేట,
24-8-1982

వదినా,

తల్లీ పిల్లా క్షేమం.

పేరు పెట్టే హక్కు మీది. కానీ పెళ్ళాన్ని ఏనుగుల మధ్య కట్టేసినవాడి పేరు పెట్టి నా మనవణ్ణి పిలవమంటే నా నోరు తిరగదు. మొగిలమ్మకు చెబితే "గా పేరు పెడితే నేను తొట్టెలకు రాను" అన్నది. అన్నయ్యగారి తండ్రి పేరు ఉండగా వీధిలో పోయేవాడి పేరెందుకు? కావాలంటే ఆ కథలో మంచి ఏనుగు ఒకటుంది, దాని పేరు పెట్టుకుందాం.

సావిత్రి

తా.క. ఏనుగు సంగతి నవ్వులాటకు రాశాను. పోస్టులో వేయమని ఇస్తే మా ఆయన దుకాణంలో ఇది కూడా విప్పి చదివి, నిజమే అనుకుని ఏనుగు పేరేమిటని అడుగుతున్నారు.

---

హనుమకొండ,
27-8-1982

సావిత్రి గారికి,

మీ నవ్వులాట నాకు నవ్వు తెప్పించలేదు.

నేను రాను. తొట్టె భాస్కర్ చేత పంపిస్తాను. పేరు మీకు నచ్చింది మీరే పెట్టుకోండి. నాయనమ్మ కోరిన పేరు మీ ఇంట్లో నోట పట్టనప్పుడు, నాయనమ్మ మాత్రం ఎందుకు? కొత్త చీర మడత పెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. పిల్లవాణ్ణి శారద ఇక్కడికి తెచ్చినప్పుడు చూసుకుంటాను.

ఒక్క మాట మాత్రం అడుగుతున్నాను. పెళ్ళాన్ని కట్టేశాడని మొదటి ఉత్తరం నుంచి రాస్తున్నారు. ఏ పేజీలో ఉందది? పేజీ నంబరు వేసి రాయండి. నేను చదివిన కథలో అట్లా లేదు.

ఇట్లు,
రాజేశ్వరి

తా.క. పిల్లవాడి ముక్కు ఎవరి పోలికో రాయండి. నేను అడగడం లేదు. మా ఆయన అడుగుతున్నారు.

---

నర్సంపేట,
30-8-1982

రాజేశ్వరి వదినగారికి,

పేజీ నంబర్లు అడిగారు. పుస్తకం ముందు పెట్టుకుని చూసి రాస్తున్నాను.

తోరణం దగ్గర వీడ్కోలు: 6వ పేజీ. ఆ వెనక వారం కూడా 6వ పేజీయే. పెళ్ళి: 14. గుర్రం స్వారీ: 22. బావి: 38. ఏనుగుల కొట్టం: 46. ఆఫీసులో టీ: 52. అదే ఆఖరు.

ఈ నంబర్లు రామలింగానికి చూపించి, తర్వాత నాకు రాయండి. ఆలస్యం చేయకండి.

సావిత్రి

తా.క. ముక్కు మీదే. నేను చెప్పడం లేదు. మా ఆయన చెబుతున్నారు.

---

హనుమకొండ,
1-9-1982

వదినా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను.

మీ ఉత్తరం పట్టుకుని రామలింగం దగ్గరికి పోయాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని గర్వంగా చెప్పాడు. "అమ్మా, మీ కాయితాలు చిందరవందరగ ఉండె. మొదలే యాభై రెండు, ఆఖర్ల ఆరు. గట్లెట్ల కుడుత? నంబర్లు చూసుకుంట ఒక్కొక్క కట్ట వరుసగ పెట్టిన. రెండు దినాలు పట్టింది." పాపం, ఆ రెండు రోజుల కష్టానికి నేను మెచ్చుకుంటానని ఎదురుచూశాడు.

అవి పుస్తకం నంబర్లు కావు వదినా, వారపత్రిక నంబర్లు. సీరియల్ మొదలైనప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, పత్రిక వెనక 52వ పేజీలో పడేశారు. చదివేవాళ్ళు పెరిగిన కొద్దీ ముందుకు జరిపారు. ముగిసే నాటికి 6వ పేజీకి వచ్చింది. రామలింగం నంబర్ల వరుసలో పేర్చి కుట్టేసరికి, కథ ముగిసిన చోటు మీకు మొదలైంది, మొదలైన చోటు ఆఖరైంది. ఎన్నో వారమో చెప్పే అంకె బొమ్మలోనే ఉండేది, ఆ బొమ్మలేమో నా బీరువాకు ఉన్నాయి.

అంటే భైరవసేనుడు హైమవతిని కట్టేసింది మొట్టమొదట, ఎవరో తెలియనప్పుడు. పెళ్ళి, ప్రేమ, ప్రాణమివ్వడం అన్నీ ఆ తర్వాతే. మీరు మాత్రం ప్రాణమిచ్చినవాడు మెల్లమెల్లగా రాక్షసుడైపోవడం చదివారు. మీ స్థానంలో నేనుంటే ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేదాన్ని. మీరు ఉత్తరాలతో సరిపెట్టారు, మీ ఓపిక గొప్పది.

రానని రాశాను. రాసి పోస్టు డబ్బాలో వేసిన నిమిషం నుంచి నాకు అన్నం సహించడం లేదు. పేరు మీ ఇష్టం, అన్నయ్యగారితో కలిసి ఏది అనుకుంటే అదే. నా పంతం నేను వదిలేశాను. నాకు మనవణ్ణి చూడాలని ఉంది వదినా. రమ్మని ఒక్క మాట రాస్తే ఆదివారం మొదటి బస్సులో తొట్టె ఒళ్ళో పెట్టుకుని వస్తాను.

మీ
రాజేశ్వరి

తా.క. చీర మళ్ళీ బయటికి తీశాను. మీరు రావద్దన్నా ఇస్త్రీ అయితే అయిపోయింది.

---

నర్సంపేట,
3-9-1982

రాజేశ్వరి వదినకు,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే ఆదివారం దాటిపోతుందని మా ఆయన చేతికే ఇచ్చి పంపిస్తున్నాను. ఎనుమాముల మార్కెట్లో పని ఉందని చెప్పి బయల్దేరారు. పనేమీ లేదు, ఇదే పని. ఆయన దారిలో విప్పి చదివి ఉంటారు, పట్టించుకోకండి.

రండి. రమ్మని నేను రాయడమేమిటి, మీ మనవడి దగ్గరికి మీరు రావడానికి?

ఇక నేను చెప్పుకోవలసింది ఉంది. కూర్చుని చదవండి.

పేజీలు తారుమారయ్యాయని నాకు జూలైలోనే తెలుసు. మీ బావి ఉత్తరం వచ్చిన రోజు శారద విని కడుపు పట్టుకుని నవ్వింది. "అమ్మా, మా అత్తమ్మ కరెక్టే. నువ్వు కత ఎనక నుంచి సదివినవ్" అంది. ఏడాదిగా మీ ఇంట్లో ఆ సీరియల్ వారం వారం చదివిన పిల్ల, నేను చదివి వినిపిస్తుంటే రోజూ రెండో పేజీకే నిద్రపోయి నా కొంప ముంచింది. ఆ రాత్రి నుంచే పుస్తకం చివర్నుంచి మొదటికి తిరిగి చదివాను. మీరు చెప్పినదంతా నిజం. భైరవసేనుడు బావిలో దిగిన చోట నేనూ దిగినంత పనైంది.

వెంటనే మీకు రాసి తప్పు ఒప్పుకోవలసింది. కాగితం తీసుకున్నాను కూడా. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఒప్పుకుంటే గొడవ తీరిపోతుంది. గొడవ తీరితే మీరు ఇంకేం రాస్తారు? పిల్లల పెళ్ళై ఏడాదైనా మనిద్దరి మధ్య పసుపు కుంకుమలు, చీరల పెట్టుబడులు నడిచాయి గానీ ఒక్క మాట నడవలేదు. మీరు పెద్దింటి మనిషి, నాతో ఏం మాట్లాడతారులే అనుకునేదాన్ని. ఈ ఊళ్ళో నాకు ఒక కథ గురించి పోట్లాడే మనిషి లేదు. మా ఆయన వింటారు, కానీ ఎదురు చెప్పరు. ఎదురు చెప్పే మనిషి నాకు ఇన్నాళ్ళకు దొరికింది. ఆ మనిషిని పోగొట్టుకోవడం ఇష్టం లేక తెలిసి తెలిసి వాదించాను. మీ ఉత్తరం వచ్చే రోజు దుకాణం దగ్గర నేనే నిలబడేదాన్ని.

హద్దు మీరానని మీరు రానన్నప్పుడు తెలిసింది. నాకు భయం వేసింది వదినా. నా ముచ్చట కోసం ఒక నాయనమ్మను మనవడికి దూరం చేస్తున్నానా అనిపించింది. నోరు తెరిచి ఒప్పుకునే ధైర్యం లేక, ఆ పేజీ నంబర్లు రాసి మిమ్మల్ని రామలింగం దగ్గరికి పంపాను. ఆయన్ను ఏమీ అనకండి. ఆయన బైండు విప్పించకండి కూడా. మీ వరుసలో అది మంచి కథ. మా వరుసలో, అన్నీ జరిగిపోయాక, ముందు ఏం రానున్నదో తెలియని ఒక పిల్ల కిటికీ పక్కన కూర్చుని టీ తాగుతుంటుంది. మాకు అంతా తెలుసు, ఆ పిల్లకు ఏమీ తెలియదు. మా వాకిట్లో ఆడవాళ్ళు ఆ ఆఖరి పేజీని వదులుకోం అంటున్నారు.

పేరు సంగతి. ఆదివారం మీరు తొట్టెలో వేసి భైరవ అని చెవిలో చెప్పండి. మొగిలమ్మ కూడా వస్తుంది, ఆమెకు సరైన వరుసలో మళ్ళీ చదివి వినిపించాను.

మీ తోటి పాఠకురాలు, ఆ తర్వాతే వియ్యపురాలు,
సావిత్రి

తా.క. దాచడానికి ఇంకేమీ మిగలకూడదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. పేరు వద్దని మీతో పోట్లాడుతూనే, మీరు పేరు రాసిన రోజు నుంచి నేను వాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తున్నాను. నన్ను చూసి ఇల్లంతా పిలుస్తున్నది. ఆదివారం మీరు చెవిలో చెప్పినప్పుడు మేమందరం మొదటిసారి విన్నట్టే ఉంటాం, మాట తీసుకున్నాను. ఒక్క పిల్లవాడి చేతనే మాట తీసుకోలేకపోయాను. ఎంత ఏడుస్తున్నా ఆ పేరు వినగానే ఆపేస్తున్నాడు.